డెజర్ట్ బస్: ఎనిమిది గంటల డ్యూటీకి ఒక్క పాయింటు

నేను ఆర్టీసీలో స్టీరింగ్ పట్టుకుని రిటైరైన మనిషిని. చాలాకాలం నెల్లూరు–మద్రాసు సర్వీసు, ఆ తర్వాత హైదరాబాదు నైట్ సర్వీసు. కంప్యూటర్ ఆటకు రివ్యూ రాస్తానంటే మా మనవడు నవ్వాడు. ఇది బస్సు ఆట కాబట్టి ఆ అర్హత వాడికన్నా నాకే ఎక్కువని చెప్పాను.

ఆట పేరు డెజర్ట్ బస్ వీఆర్. 2017లో గేర్‌బాక్స్ అనే కంపెనీ విడుదల చేసింది. కంప్యూటర్ ఆటలు దొరికే స్టీమ్ అనే సైటులో ఉచితం. కళ్లకు పెట్టుకునే ఆ వీఆర్ డబ్బా లేకపోయినా మామూలు కంప్యూటర్‌లో ఆడొచ్చు. దీనికి మూలమైన పాత ఆటను 1995లో పెన్, టెల్లర్ అనే ఇద్దరు అమెరికా ఇంద్రజాలికులు చేయించారు. వీడియో గేముల్లో హింస ఎక్కువైందని అప్పట్లో అక్కడ అటార్నీ జనరల్ జానెట్ రీనో లాంటివాళ్లు గోల చేస్తుంటే, "సరే, నిజజీవితం లాంటి ఆట ఇదిగో" అని వెటకారంగా తయారు చేశారట. దాన్ని విడుదల చేయాల్సిన కంపెనీ మూతపడి అది మార్కెట్లోకే రాలేదు. పదేళ్ల తర్వాత ఒక కాపీ బయటపడింది.

ఇంతకీ ఆటేమిటంటే, అరిజోనాలోని టూసాన్ నుంచి లాస్ వేగాస్‌కు ఖాళీ బస్సు నడపాలి. స్పీడు గంటకు 45 మైళ్లు మించదు, అంటే మన 72 కిలోమీటర్లు. గడియారం ప్రకారం నిజంగానే ఎనిమిది గంటలు పడుతుంది. ప్యాసింజర్లు లేరు, ఎదురు బండి రాదు. ఐదు గంటలు నడిపాక ఒక పురుగు వచ్చి ముందు అద్దానికి కొట్టుకుంటుంది. ప్రయాణం మొత్తానికి చెప్పుకోదగ్గ సంఘటన అదే. చేరితే ఒక్క పాయింటు. కావాలంటే వెనక్కి నడిపి ఇంకో పాయింటు తెచ్చుకోవచ్చు.

డ్రైవర్‌గా నాకు తోచినవి చెబుతాను. బస్సు ఎప్పుడూ కొంచెం కుడి పక్కకు లాగుతుంది. మా డిపోలో అయితే ఇలాంటి బండిని లాగ్‌షీటులో రాసి గ్యారేజీకి అప్పజెబుతాం, అలైన్‌మెంట్ చేయకుండా తెల్లారి లైన్లోకి పంపరు. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి గనక ఇసుకలోకి దిగి ఆగిపోతుంది, అంతే. మనవైపు కుడికి లాగితే ఎదురొచ్చే లారీ దగ్గర తేలుతుంది. ఇసుకలో ఆగిన బస్సును టో బండి వచ్చి మళ్లీ టూసాన్‌కే లాక్కుపోతుంది, అదీ నిజమైన టైములోనే! పాత ఆటలో పాజ్ కూడా లేదు. మేము హైదరాబాదు పోయేటప్పుడు మేదరమెట్ల దగ్గరో అద్దంకి దగ్గరో టీకి ఆపినట్టు ఇందులో కుదరదు. కొత్త ఆటలో మాత్రం స్నేహితులు ఆన్‌లైన్‌లో ప్యాసింజర్లుగా ఎక్కి డ్రైవర్ మీద కాగితం ఉండలు విసరొచ్చు. మావాడు అదే పనిగా విసిరాడు. నాకు అలవాటే, కాలేజీ పిల్లల సర్వీసులు నడపలేదా!

"బోర్ కొట్టలేదా తాతా?" అన్నాడు.

"జీతమిస్తే కొట్టదు గానీ, ఒక్క పాయింటుకైతే కొడతది రా అబ్బయ్యా."

ఇక అసలు సంగతి. ఆట కోసమే అయితే నేనింత రాయను. కెనడాలో విక్టోరియా అనే ఊళ్లో లోడింగ్‌రెడీరన్ అని హాస్య వీడియోలు తీసే గుంపు ఒకటుంది. 2007లో వాళ్లు "మేము ఈ పనికిమాలిన బస్సును నడుపుతూ కూర్చుంటాం, మీరు ఆసుపత్రి పిల్లలకు డబ్బివ్వండి" అని మొదలుపెట్టారు. డెజర్ట్ బస్ ఫర్ హోప్ అని దానికి పేరు. లెక్క బలే పెట్టారు. మొదటి గంట నడపడానికి ఒక డాలరు. ఆ తర్వాత ప్రతి గంటకూ ముందు గంట మీద ఏడు శాతం ఎక్కువ. కాగితం మీద వేసి చూశాను. మొదటి 24 గంటలకు మొత్తం కలిపి 58 డాలర్లే, మన డబ్బులో సుమారు ఐదు వేలు. వంద గంటలకైతే 12 వేల డాలర్లు దాటుతుంది. నూట యాభై గంటలకు మూడు లక్షల అరవై వేల పైచిలుకు. వడ్డీ వ్యాపారం తెలిసినవాడెవడో పక్కనుండి చెప్పాడనిపించింది. మొదటి ఏడు 22 వేల డాలర్లకు పైగా వచ్చాయి. 2020 నాటికి ఒక్క ఏడాదిలోనే పది లక్షల డాలర్లు దాటింది. అంటే దాదాపు వారం రోజులు బస్సు ఆగకుండా నడిచినట్టు.

ఆ డబ్బు చైల్డ్స్ ప్లే అనే సంస్థకు పోతుంది. పెన్నీ ఆర్కేడ్ అని గేముల మీద బొమ్మల కథలు వేసే ఇద్దరు 2003లో సియాటిల్ పిల్లల ఆసుపత్రితో దీన్ని ప్రారంభించారు. అందులో నాకు నచ్చింది ఒకటుంది. ఏం కొనాలో దాత చెప్పడు. తమ పిల్లలకు ఏ గేములు, ఏ బొమ్మలు కావాలో ఆసుపత్రి వాళ్లే జాబితా రాస్తారు. మన దగ్గర పండ్లు, బ్రెడ్లు పట్టుకుపోయి ఫోటో దిగి వచ్చేవాళ్లు ఈ ఒక్క పద్ధతి నేర్చుకున్నా చాలు.

గేములతో జబ్బు తగ్గుతుందా అని మా ఆవిడ అడిగింది. తగ్గదు. నెల్లూరులో పొగతోట నిండా ఆసుపత్రులే అయినా, పిల్లలకు పెద్ద జబ్బంటే మావైపు చాలామంది మద్రాసు బస్సే ఎక్కుతారు. ఆ సర్వీసులో ఉన్నప్పుడు చేతికి సూది, దాని మీద ప్లాస్టరుతో తల్లి ఒళ్లో కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ముందు సీటిచ్చి, గేరు మార్చేటప్పుడు "చూడు, ఇప్పుడు మూడోది పడతది" అంటే చాలు, కళ్లు అక్కడే ఉండేవి. సూళ్లూరుపేట దాటేదాకా నొప్పి ఊసెత్తని పిల్లలున్నారు. ఆ తల్లికి ఆ కాసేపు ఎంత ఊరటో ఆమె మొహంలోనే తెలిసేది. గేము చేసేదీ అదే.

ఇక్కడ కూర్చుని ఇవ్వాలనుకునేవాళ్లకు ఒక మాట. చైల్డ్స్ ప్లే అమెరికా సంస్థ గనక మన ఇన్‌కంటాక్సులో విరాళాలకిచ్చే మినహాయింపు రాదు. కార్డు మీద డాలర్లలో కడితే బ్యాంకు తన ఛార్జీ వేస్తుంది. వంద రెండొందలు ఇచ్చేవాళ్లకు అది గిట్టుబాటు కాదు. అంతకన్నా మన ఊరి వార్డులో సిస్టరమ్మను ఏం కావాలో అడిగి కొనివ్వడం మేలు.

ఇది చూసి మావాడూ వాడి స్నేహితులూ ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే ఫోన్ ఆట ఆడుతూ 24 గంటలు లైవ్ పెట్టి డబ్బు పోగేస్తామంటున్నారు. ఆటలాడుతూ పిల్లల ఆసుపత్రులకు విరాళాలు పోగేసే ఎక్స్‌ట్రా లైఫ్ అని 2008లో మొదలైన కార్యక్రమంలో 24 గంటలు ఆడటం ఆనవాయితీ అట. నాకు మాత్రం డెజర్ట్ బస్ వాళ్ల పద్ధతే నచ్చింది. ఆరేసి గంటల చొప్పున నాలుగు షిఫ్టులు, డ్యూటీ మారితే కొత్త మనిషి. నిద్రలేకుండా కూర్చోవడం గొప్పేం కాదు, ఆ మాట నైట్ సర్వీసు నడిపిన ఏ డ్రైవర్‌నైనా అడగండి. మా పిల్లలకు రెండు షరతులు పెట్టాను. వచ్చిన ప్రతి రూపాయికీ ఆసుపత్రి రసీదు తెర మీద చూపించాలి. జబ్బు పిల్లల మొహాలు వీడియోలో పెట్టకూడదు. రెండోదానికి కొంచెం గొణిగారు, మొహం చూపిస్తేనే జనం ఇస్తారని. అయితే ఇవ్వకపోనీ అన్నాను.

ఆటకు నా మార్కు ఐదుకు ఒకటి, అదీ పురుగుకు. డెజర్ట్ బస్ ఫర్ హోప్ కార్యక్రమానికి నాలుగున్నర. అది ఏటా నవంబరు ప్రాంతంలో ట్విచ్ అనే లైవ్ వీడియోల సైటులో వస్తుంది. బస్సు ఒక మూల పోతూనే ఉంటుంది, పక్కన పాటలు, వేలాలు, జనం అడిగిన చిత్రమైన పనులు జరుగుతుంటాయి. వాళ్ల అర్ధరాత్రి డ్యూటీని జీటా షిఫ్ట్ అంటారు. అది మనకు మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై రాత్రి ఏడున్నర దాకా ఉంటుంది. ఇంగ్లీషు అర్థం కాకపోయినా పర్లేదు, భోజనం చేసి ఆ షిఫ్టే చూడండి. నిద్ర ఆపుకునే డ్రైవర్ ఏమేం చేస్తాడో బాగా తెలుస్తుంది.