వైట్‌హౌస్ ఫొటోనా, పత్రికల ఫొటోనా?

అమెరికా పౌరహక్కుల ఉద్యమం గురించి రాసేటప్పుడు అప్పటి అధికారుల ఫొటో ఎక్కడి నుంచి తీసుకోవాలా అని ప్రతిసారీ టెన్షనే.

ఖర్చు: వైట్‌హౌస్ ఫొటోగ్రాఫర్లు ప్రభుత్వ ఉద్యోగులు, డ్యూటీలో తీసినవాటికి అమెరికాలో కాపీరైట్ ఉండదు. వార్తా సంస్థల ఫొటోలకైతే చాలావరకు లైసెన్సు డబ్బులు కట్టాల్సిందే.

రిస్క్: అడగకుండా వాడితే పత్రికల ఫొటోతోనే చిక్కు. కానీ యు.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ అనే పత్రిక తన ఫొటోలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు (అమెరికా పార్లమెంటు గ్రంథాలయం) ఇచ్చేసింది, అవి ఉచితంగా దొరుకుతాయి.

అసలు తేడా బొమ్మలోనే ఉంది. 1964 జులై 2న వైట్‌హౌస్ ఫొటోగ్రాఫర్ సెసిల్ స్టౌటన్ తీసిన ఫొటోలో అధ్యక్షుడు జాన్సన్ బల్ల దగ్గర కూర్చుని పౌరహక్కుల చట్టంపై సంతకం పెడుతుంటే, వెనక మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి ఉంటాడు. అంతా సవ్యంగా, పద్ధతిగా జరిగిపోయినట్టు అనిపిస్తుంది. అదే 1963 జూన్ 11న యు.ఎస్. న్యూస్ ఫొటోగ్రాఫర్ వారెన్ లెఫ్లర్ తీసింది చూడండి: అలబామా యూనివర్సిటీ గుమ్మంలో గవర్నర్ వాలెస్ అడ్డంగా నిలబడ్డాడు, ఎదురుగా కేంద్రం పంపిన న్యాయశాఖ అధికారి కాట్జెన్‌బాక్. ఇద్దరు నల్లజాతి విద్యార్థులను చేర్చుకోకుండా ఆపడానికి ఒక గవర్నర్ స్వయంగా తలుపు దగ్గరికి వచ్చాడన్న సంగతి నాకు ఆ ఫొటో చూశాకే ఒంటికి తగిలింది.

చట్టం ఎలా వచ్చిందో చెప్పాలంటే వైట్‌హౌస్ ఫొటో సరిపోతుంది. ఆ హక్కులను అడ్డుకున్నదెవరో చూపించాలంటే మాత్రం పత్రికల ఫొటోనే వెతకండి, ముందు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో.