వాటాల విలువ చూపించే యాప్: గుణకారం వచ్చు, తీసివేత రాదు

ఆరు నెలలుగా ఒక స్టాక్ రీసెర్చ్ యాప్‌కి చందా కడుతున్నాను, ముఖ్యంగా ఒక కంపెనీ చేతిలో ఉన్న వేరే కంపెనీ షేర్లని బట్టి దాని విలువ కట్టే ఫీచర్ కోసం. వాటాని మార్కెట్ ధరతో గుణించడం వరకు బాగానే ఉంది. గొడవంతా ఆ తర్వాతే. ఆ విలువలోంచి తల్లి కంపెనీ (అంటే ఆ షేర్లు చేతిలో ఉన్న కంపెనీ) అప్పుని యాప్ తీసెయ్యదు, ఆ షేర్లు అమ్మితే పడే పన్ను ఊసే ఎత్తదు, ఇలాంటి కంపెనీలకి మార్కెట్ మామూలుగానే తగ్గించి ధర కడుతుందన్న మాట కూడా చెప్పకుండా నేరుగా 'చవక' అని పచ్చరంగు వేసేస్తుంది. అది చూసి కొన్నాను, ఇంకా నష్టంలోనే ఉన్నాను, సరే, తొందర నాదే.

చవకగా కనిపించినంత మాత్రాన సరిపోదు కదా! 2000 మార్చిలో చేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు చేసే పామ్ అనే కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్టయిన రోజు దాని షేరు 95 డాలర్ల దగ్గర ముగిస్తే, అందులో దాదాపు 95 శాతం వాటా ఉన్న దాని తల్లి కంపెనీ త్రీకామ్ షేరు 82 దగ్గరే ఆగింది. ఒక్కో త్రీకామ్ షేరుకి సుమారు ఒకటిన్నర పామ్ షేర్లు రావాల్సి ఉంది, వాటి విలువే సుమారు 142 డాలర్లు, అంటే త్రీకామ్ మిగతా వ్యాపారం విలువ సున్నా కంటే కిందన్నమాట. ఆ తేడా సర్దుకోవడానికి నెలలు పట్టింది.

వాటాల శాతాలు మాత్రం టైముకి అప్‌డేట్ చేస్తారు, అందుకే చందా ఆపలేదు. తీసివేతలు ఎక్సెల్‌లో నేనే చేసుకుంటున్నాను. మూడు స్టార్లు.