ఫుడ్ కలరా, పర్మాంగనేటా, పచ్చ పొడా? లీకు పట్టడానికి ఏది మేలు?

మా బాత్రూం లీకు సంగతి తెలిసిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: రంగు నీళ్లు పోసి చూడమంటున్నారు, ఏ రంగు పోయాలి? వంటింట్లో ఉండే ఫుడ్ కలర్ చాలా? మందుల షాపులో దొరికే పర్మాంగనేటా? లేక టార్చి వేస్తే వెలిగే ఆ పచ్చ పొడి తెప్పించుకోవాలా?

కుళాయి లైనుకి ఇవేవీ వద్దు. తాగే నీళ్లలో రంగెందుకు? రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి, తెల్లారేసరికి ఎంత దిగిందో చూడండి. రంగుతో పనిబడేది వాడిన నీళ్లు పోయే వైపు.

ఫ్లష్ ట్యాంకుకైతే ఫుడ్ కలరే మేలు, ఇంకేం ఆలోచించొద్దు. ట్యాంకులో కాస్త కలిపి అరగంట ఫ్లష్ నొక్కకుండా వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టే.

అసలు చిక్కంతా స్లాబులోంచి కారే నీళ్లతోనే. నెల్లూరు వేదాయపాలెంలో మాది డాబా ఇల్లు, పై అంతస్తు బాత్రూం సరిగ్గా కింది వంటింటి మీదే ఉంది. సీలింగు మీద చెమ్మ మరక పళ్లెమంత అయింది, సున్నం పెచ్చులు పోపుల డబ్బా మీద రాలుతున్నాయి. మేస్త్రీ వచ్చి తలెత్తి ఒక్క నిమిషం చూశాడు. "సంకన్ స్లాబు సార్, టైల్స్ మొత్తం లేపితేగానీ యాడ కారతా ఉందో తెలీదు" అన్నాడు.

టైల్స్ లేపే ముందు ఫుడ్ కలర్ పోశాం. కింద ఏమీ కనబడలేదు. సంకన్ స్లాబు అంటే బాత్రూం వరకు కిందికి దించి వేసిన స్లాబు, అందులో టైల్స్ కింద ఇటుక ముక్కలు నింపుతారు, లీకున్న చోట అది అప్పటికే నీళ్లు తాగి ఉంటుంది. మనం పోసిన చెంబెడు రంగు ఆ నీళ్లలో కలిసి, బొట్టుబొట్టుగా కిందికి దిగేసరికి మామూలు నీళ్లలాగే ఉంటుంది. కాబట్టి పోసేటప్పుడు రంగు ఎంత చిక్కగా ఉందన్నది కాదు, ఎంత పలచబడ్డా కంటికి కనబడుతుందా లేదా అన్నదే నా లెక్కలో అసలు విషయం.

పర్మాంగనేట్ ఈ పరీక్షలో ఇంకా ఘోరం. పాత రోజుల్లో ఊళ్లలో బావుల్లో వేసిన మందే కదా, చవక, ఊదా రంగు భలేగా ఉంటుంది. కానీ సబ్బు జిడ్డు, వెంట్రుకలు, మట్టి తగిలితే ఆ ఊదా కాస్తా గోధుమ రంగుకి తిరుగుతుంది. అదీ పోసి చూశాం, మా సీలింగు మరక మూడో రోజుకి కొంచెం ముదిరింది. అది పర్మాంగనేటో, కడ్డీల తుప్పో, పాత చెమ్మో చెప్పగలిగినవాడు లేడు.

అప్పుడు తెప్పించాను ఆ పచ్చ పొడి, అసలు పేరు ఫ్లోరెసీన్ సోడియం. యురనైన్ అని కూడా అమ్ముతారు. పొడి చూస్తే ఇటుక రంగు, నీళ్లలో పడితే పసుపుపచ్చ. కంటి డాక్టర్లు నల్లగుడ్డు మీద గీతలు చూడ్డానికి వాడేది ఇదే. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది నీళ్లు భూమిలోకి ఇంకి ఎక్కడ తేలుతున్నాయో పట్టిందీ దీనితోనే. నూరు కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా పరికరాలకి దొరికిపోతుంది. పైగా క్షార గుణం ఉన్న నీళ్లలో దీని వెలుగు పెరుగుతుంది, సిమెంటుదీ క్షార గుణమే.

చాకు మొనతో తీసినంత పొడి అర బకెట్టు నీళ్లకి ఎక్కువే. ముందు గరాటుతో, నేల మీద చుక్క పడకుండా, నీళ్లు పోయే ట్రాప్‌లోకే పోశాను. రెండు రాత్రులు చూశాం, కింద ఏమీ లేదు. అంటే పైపు బాగానే ఉంది. మూడో సాయంత్రం ట్రాప్ మూసి, మడికి నీళ్లు కట్టినట్టు బాత్రూంలో రెండు వేళ్ల లోతు పచ్చ నీళ్లు నిలబెట్టాం. తెల్లవారుజామున వంటింట్లో లైట్లు ఆర్పి యూవీ టార్చి (అతినీలలోహిత కాంతి టార్చి) వేస్తే, మరక ఉన్న నడిమధ్యన కాదు, దానికి జానెడు దూరంలో పైపు స్లాబులోంచి దిగే చోట, చుట్టూ నెలవంకలా పచ్చటి గీత. ట్రాప్ చుట్టూ టైల్‌కీ పైపుకీ మధ్య సందు. నాలుగు టైల్స్ తీసి ఆ సందు పూడ్చి ఎపాక్సీ పెట్టించాం, అంతే. నేల పరీక్ష ముందు చేస్తే, తర్వాత ట్రాప్ తెరిచినప్పుడు ఆ పచ్చ నీళ్లు ఎలాగూ పైపులోకే పోతాయి, ఏది ఏదో తేలదు. అందుకే పైపు ముందు, నేల తర్వాత.

దీనికీ లోపాలున్నాయి. బ్లీచింగ్ చల్లిన రోజు పోయకండి, రంగు చచ్చిపోతుంది. ఎండలోనూ వెలిసిపోతుంది, డాబా మీద అయితే పొద్దు వాలాకే పోయాలి. బట్టల సబ్బు నీళ్లు కూడా టార్చికి నీలంగా మెరుస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

పసుపు కలపమన్నవాళ్లూ ఉన్నారు. అది నీళ్లలో కరగదు, పైనే నిలిచిపోతుంది. బట్టల నీలిమందు ఫ్లష్ ట్యాంకు వరకు సరే.

ఏ రంగు వాడినా అక్టోబరు లోపే చేయండి. మన వైపు ఈశాన్య రుతుపవనాల వాన మొదలైతే డాబా చెమ్మ, బాత్రూం చెమ్మ ఒకే గోడలో కలిసిపోతాయి.