కాజీపేట రైల్లో టీమక్స్: రెండేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో కూర్చొని, ఎక్కడో ఉన్న సర్వర్ మీద పని చేయవలసి వచ్చిన వారికి స్టేషన్ ఘన్‌పూర్ దాటాక సిగ్నల్ ఎప్పుడు పోతుందో, దానితో పాటు టెర్మినల్‌లో సగం నడిచిన పని ఏమవుతుందో అనే బెంగ బాగా తెలుసు. హనుమకొండలో ఇంటి నుంచి పని చేస్తూ వారానికొకసారి అలా ప్రయాణించే నేను, ఆ బెంగ తీర్చుకోవడానికే రెండేళ్ల క్రితం టీమక్స్ (tmux) అనే, కనెక్షన్ తెగినా టెర్మినల్‌లో పనిని బతికించి ఉంచే ప్రోగ్రాంను వాడడం మొదలుపెట్టాను. ఆ విషయంలో అది ఒక్కసారి కూడా మాట తప్పలేదు. అయితే సెషన్‌ను వారాల తరబడి బతికించే ఈ గుణం వల్లనే, బాష్ (bash, మనం కొట్టే కమాండ్లను అందుకొని నడిపే ప్రోగ్రాం, అంటే షెల్) సెట్టింగులు మార్చినప్పుడు ఆ మార్పు ఎక్కడ చేరిందో ఎక్కడ చేరలేదో తెలియని ఒక చిక్కు పుడుతుంది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ చిక్కు గురించే.

నికొలస్ మారియట్ రాసిన ఈ ఉచిత ప్రోగ్రాం 2007లో మొదట విడుదలైంది. 2009 నుంచి ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో అంతర్భాగంగా వస్తోంది. ఇది అవతలి యంత్రం మీదే ఒక సర్వర్‌గా నడుస్తుంది, మన షెల్‌లన్నీ దాని కింద పుడతాయి. అందువల్ల ఆ యంత్రంలోకి మనం లాగిన్ అయిన ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెగినా అవి చావవు. జనగామలో సిగ్నల్ వచ్చాక మళ్లీ అటాచ్ చేస్తే, అంటే ఆ సెషన్‌ను తిరిగి కలుపుకుంటే, కర్సర్ వదిలిన చోటే ఉంటుంది.

టీమక్స్ లేని రోజుల్లో బాష్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ (.bashrc) ఫైల్‌లో ఒక ఏలియాస్ (పొడవైన కమాండ్‌కు పెట్టుకునే పొట్టి పేరు) చేర్చినప్పుడు, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావడమే నాకు తెలిసిన మార్గం. నిజానికి సోర్స్ అనే కమాండ్, లేదా దానికి బదులు ఒక్క చుక్క, ఆ ఫైల్‌ను ప్రస్తుత షెల్‌లోనే చదివిస్తుంది. కొత్తవారు చాలామంది చేసే పొరపాటు ఆ ఫైల్‌ను బాష్‌కు అప్పగించి మామూలు స్క్రిప్టులా నడపడం. అప్పుడు మార్పులన్నీ ఒక పిల్ల ప్రాసెస్‌లో జరిగి దానితోనే పోతాయి, మన షెల్‌కు ఏమీ అంటదు. సోర్స్‌కు కూడా ఒక పరిమితి ఉంది. అది చేర్చగలదే తప్ప తీసివేయలేదు. ఫైల్‌లో చెరిపేసిన ఏలియాస్ షెల్‌లో అలాగే మిగిలి ఉంటుంది, కమాండ్లను వెతకవలసిన డైరెక్టరీల జాబితా అయిన పాత్ వేరియబుల్ చివర ఒక డైరెక్టరీని తగిలించే వరుస ఉంటే సోర్స్ చేసిన ప్రతిసారీ అది ఇంకొకసారి తగులుకుంటుంది. అలాంటప్పుడు ఎగ్జెక్ బాష్ అనే కమాండ్ మేలు. అదే ప్రాసెస్ సంఖ్యతో పాత షెల్ స్థానంలో కొత్త షెల్ కూర్చుంటుంది కాబట్టి టీమక్స్ పేన్ (విండోలో ఒక షెల్ నడిచే భాగం) మూసుకుపోదు, పాత ఏలియాస్‌లు పోతాయి. ఎక్స్‌పోర్ట్ చేసిన, అంటే పిల్ల ప్రాసెస్‌లకు కూడా అందేలా చేసిన, వేరియబుల్స్ మాత్రం వెంట వస్తాయి.

ఇంతవరకు టీమక్స్ తప్పేమీ లేదు. ఆరు పేన్‌లు తెరిచి ఉన్నప్పుడు మాత్రం సోర్స్ ఆరుసార్లు కొట్టాలి. పేన్‌లన్నిటికీ ఒకే టైపింగ్‌ను పంపే సింక్రనైజ్ పేన్స్ అనే సదుపాయం ఉంది కాబట్టి నేను దానిని ఆశ్రయించాను, ఒకసారి భంగపడ్డాను కూడా: ఒక పేన్‌లో విమ్ ఎడిటర్ తెరిచి ఉన్న సంగతి మరచిపోవడం వల్ల, నేను కొట్టిన కమాండ్ అక్షరాలు అక్కడి ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్ ఫైల్ మధ్యలో వెళ్లి కూర్చున్నాయి. సేవ్ కాకముందే చూశాను కాబట్టి సరిపోయింది.

మరొక వింత నాకు ఒక చిన్న హోస్టింగ్ సంస్థ సర్వర్ మీద ఎదురైంది. టీమక్స్ కొత్త విండో తెరిచినప్పుడు, వేరే చెప్పకపోతే, లాగిన్ షెల్‌నే, అంటే అప్పుడే లాగిన్ అయినట్టు నడిచే షెల్‌నే, మొదలుపెడుతుంది. లాగిన్ షెల్‌గా నడిచే బాష్ తనంతట తాను బాష్‌ఆర్‌సీని చదవదు, హోం డైరెక్టరీలో బాష్ ప్రొఫైల్‌ను వెతుకుతుంది. ఆ సర్వర్‌లో బాష్ ప్రొఫైల్ ఉంది కాని, అందులో బాష్‌ఆర్‌సీని పిలిచే వరుస లేదు. సోర్స్ చేసిన పేన్‌లో పనిచేసే ఏలియాస్ పక్క విండోలో ఎందుకు లేదో తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించినది మన లాగిన్ కీలను దగ్గర ఉంచుకొని అవసరమైనప్పుడు వాడే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సంగతి. ఏజెంట్ ఫార్వర్డింగ్ వాడేవారికి, అంటే ఆ ఏజెంట్‌ను అవతలి యంత్రం మీది నుంచి కూడా వాడుకునేవారికి, ప్రతి కొత్త కనెక్షన్‌తో ఏజెంట్‌ను చేరే సాకెట్ చిరునామా మారుతుంది. మళ్లీ అటాచ్ చేసినప్పుడు టీమక్స్ ఆ కొత్త చిరునామాను తన సెషన్ వాతావరణంలో (ఎన్విరాన్‌మెంట్, అంటే షెల్‌లకు అందించే వేరియబుల్స్ జాబితాలో) నమోదు చేసుకుంటుంది, ఆ తర్వాత తెరిచే విండోలకు అందిస్తుంది. అప్పటికే నడుస్తున్న షెల్‌లు మాత్రం పాత, చచ్చిన సాకెట్‌నే పట్టుకొని ఉంటాయి. ఫలితంగా కాజీపేటలో పనిచేసిన గిట్ పుల్ (కోడ్‌లో తాజా మార్పులను తెచ్చుకునే కమాండ్) భువనగిరిలో అనుమతి లేదంటుంది. ఇక్కడ బాష్‌ఆర్‌సీని ఎన్నిసార్లు సోర్స్ చేసినా లాభం లేదు, ఆ విలువ ఆ ఫైల్‌లో లేదు కనుక. షో ఎన్విరాన్‌మెంట్ కమాండ్‌ను ఎస్ ఆప్షన్‌తో నడిపి, వచ్చిన వరుసలను, ఇచ్చినదాన్ని కమాండ్లుగా నడిపే ఇవాల్‌కు ఇవ్వడం విరుగుడు. తొందరలో ఉంటే కొత్త విండో తెరవడం మరీ సులభం. ప్రోగ్రాం మాన్యువల్‌లో ఇదంతా ఉంది, కాని ఆ మాన్యువల్ ఎంత సమగ్రమో అంత పొడవు. అవసరం వచ్చిన రోజున అందులో సరైన పేరా దొరకడం కష్టమే.

టీమక్స్ సొంత కాన్ఫిగ్ ఫైల్‌ది కూడా ఇదే కథ. దానిని సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే చదువుతుంది, తర్వాత మార్పులకు సోర్స్ ఫైల్ కమాండ్ ఇవ్వాలి, తొలగించిన కీ బైండింగ్‌ను అన్‌బైండ్‌తో విడిగా తీసివేయాలి. నేను ఆ కమాండ్‌ను ఆర్ కీకి కట్టుకున్నాను. టీమక్స్ కమాండ్ల ముందు నొక్కే కంట్రోల్-బీ నొక్కి ఆర్ కొడితే చాలు.

ఇన్ని చెప్పినా నేను దీనిని వదలను. వానాకాలం కరెంటు కోతలకు ఇంట్లో రౌటర్ ఆగిపోయినా సర్వర్ మీద డేటాబేస్ బ్యాకప్ ఆగకుండా సాగిపోతుంది. ఆ నిశ్చింత ముందు ఆరుసార్లు సోర్స్ కొట్టడం పెద్ద బాధ కాదు. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం బాష్‌ఆర్‌సీని మార్చాక ముందు బాష్‌ను ఎన్ ఆప్షన్‌తో నడిపి వ్యాకరణ దోషాలు చూసుకొని, పాత సెషన్‌ను తెరిచే ఉంచి, వేరే టెర్మినల్ నుంచి ఇంకొకసారి లాగిన్ అయి చూడాలి. ఆ ఫైల్‌లో పొరపాటున ఒక ఎగ్జిట్ (షెల్‌ను ముగించే కమాండ్) మిగిలిపోతే, లోపలికి వెళ్లి సరిచేయడానికి తెరిచి ఉన్న ఆ పాత సెషనే సులభమైన దారి.