రోజు కూలా, గుత్తా, సబ్ కాంట్రాక్టా: ఇల్లు కట్టేవాళ్లకు ఏది మేలు?

కిందటి నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. నా దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు మొదటిసారి సొంతంగా రెండంతస్తుల ఇల్లు కట్టే కాంట్రాక్టు ఒప్పుకున్నాడు. "అన్నా, మనుషుల్ని రోజు కూలికి పెట్టుకోనా, మేస్త్రికి గుత్తకిచ్చేయనా? ఎందులో నాలుగు డబ్బులు మిగుల్తాయి?" అని అడిగాడు. పాతికేళ్ల కిందట నేనూ ఇదే మాట అడిగాను. అప్పుడు నాకు అందరూ రేట్లే చెప్పారు. రేట్లు వాడికి ఏ మేస్త్రయినా చెబుతాడు. పరంజా మీంచి మనిషి పడితే ఏమిటి, మేస్త్రి వారం డబ్బు పట్టుకుని పోతే ఏమిటి, ఆ బరువు చివరికి ఎవరి మీద పడుతుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని వాడితో మాట్లాడినప్పుడు మొదట ఆ సంగతే ఎత్తాను.

రోజు కూలి సంగతి తేలిక. పొద్దున అడ్డా మీద నుంచో, తెలిసిన వాళ్ల ఊరి నుంచో మనిషిని పిలుస్తాం, సాయంత్రమో శనివారమో డబ్బులిస్తాం. యజమాని మనమేనని అందరికీ తెలుసు, అందులో వాదన లేదు. పని నిదానంగా సాగుతుంది, దగ్గరుండి చూసుకోకపోతే చేతులు ఆగిపోతాయి. కానీ చేసిన పని తిన్నగా ఉంటుంది. గోడ తూకం తప్పితే వెంటనే విప్పించి కట్టించవచ్చు, "నాకు నష్టం" అని ఎవరూ గొడవ పడరు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ వంపులు, పాత ఇంటి రిపేర్లు లాంటివి నేను ఎప్పుడూ రోజు కూలికే చేయిస్తాను. తొందరపడితే చెడేవన్నీ ఇందులోకే వస్తాయి.

గుత్త మన దగ్గర ఎక్కువగా నడిచే పద్ధతి. ఇటుక పని, ప్లాస్టరింగ్, సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద రేకులతో కట్టే అచ్చు), రాడ్ బెండింగ్ ఇవన్నీ అడుగు లెక్కనో కిలో లెక్కనో మేస్త్రికి ఒప్పగిస్తాం. పని పరుగెడుతుంది, మన ఖర్చు ముందే తెలుస్తుంది. గొడవంతా కొలతల దగ్గరే. ప్లాస్టరింగ్‌లో తలుపులు, కిటికీల ఖాళీలు తీసేసి కొలవాలా, కలిపి కొలవాలా? కిటికీ పక్క అంచులు లెక్కలోకి వస్తాయా? సన్‌షేడ్‌కి పైనా కిందా రెండు వైపులా కొలతా, ఒక వైపేనా? ఇవి పని మొదలవక ముందే కాయితం మీద రాసుకోకపోతే ఆఖరి వారం స్నేహం కూడా పోతుంది. నోటిమాట ఒప్పందం కూడా చట్టం ముందు ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం రాతపూర్వకంగానే ఉండాలని అనదు. కానీ నోటిమాటను రుజువు చేసుకోవడం ఎలా?

గుత్తలో మనవాళ్లంతా నమ్మే మాట ఒకటుంది. "నా మనుషులు సార్, వాళ్ల మంచీ చెడ్డా నాది, మీకెందుకు టెన్షన్" అంటాడు మేస్త్రి. నేనూ నమ్మాను.

కొన్నేళ్ల కిందట ఓ ఇంటి మొదటి అంతస్తు స్లాబ్‌కి సెంట్రింగ్ విప్పుతున్నారు. రేకు ఒకటి జారింది, దాన్ని పట్టుకోబోయి ఓ కుర్రవాడు సన్‌షేడ్ మీద నుంచి కింద కంకర కుప్ప పక్కన పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆటోలో వాడి తల నా ఒళ్లోనే ఉంది. ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టమన్నప్పుడు మేస్త్రి "ఇప్పుడే తెస్తాను" అని వెళ్లాడు. రాత్రికల్లా ఫోన్ స్విచాఫ్. మర్నాడు ఆ పిల్లవాడి తల్లి బస్సు దిగి నేరుగా వార్డుకొచ్చింది. నన్నేమీ అనలేదు. "బాబూ, మళ్లీ పని చేసుకోగలడా?" అని మాత్రం అడిగింది. ఆపరేషన్ ఖర్చు, ఆ తర్వాత మూడు నెలల తిండి ఖర్చు నేనే పెట్టుకున్నాను. దయతో చేశాననుకున్నాను. తర్వాత ఓ వకీలుతో మాట్లాడితే తెలిసింది, అది దయ కాదు, నా మీదున్న బాధ్యతేనని.

పనిలో దెబ్బ తగిలిన కార్మికుల కోసం చేసిన 1923 నాటి పరిహార చట్టంలో 12వ సెక్షన్ చెప్పేది ఇదే. మన వ్యాపారంలో భాగమైన పనిని ఇంకొకరికి ఒప్పగించినా, అందులో పనిచేసే మనిషికి దెబ్బ తగిలితే పరిహారం మనల్నే అడగవచ్చు. మనం కట్టి, తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవాలి. ఇంటి ఓనరుకు ఇల్లు కట్టించడం వ్యాపారం కాదు, మనకు వ్యాపారం. అందుకే గురి మన మీదకు తిరుగుతుంది. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, కానీ ఈ సూత్రం అలాగే ఉంది. వైద్యానికి అయిన అసలు ఖర్చు కూడా యజమానే ఇవ్వాలి.

ఎంత అవుతుందో ఓసారి లెక్క వేయండి. 2020 జనవరి నుంచి ఈ లెక్కకు నెల కూలిని గరిష్ఠంగా 15,000 రూపాయలుగా తీసుకున్నారు. 30 ఏళ్ల మనిషికి చట్టం పట్టికలో గుణకం 207.98. ప్రాణం పోతే కూలిలో సగం, అంటే 7,500ను దాంతో గుణించాలి: 15,59,850 రూపాయలు. బతికి, పూర్తిగా పనికిరాకుండా పోతే 60 శాతం లెక్క, 18,71,820. నెల రోజుల్లో ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడవచ్చు. చిన్న ఇల్లు కట్టి మనం మిగుల్చుకునేది ఎంత? రెండు మూడిళ్ల లాభం ఒక్క పరిహారానికి చాలదు.

మనిషి తాగి పడ్డాడు, హెల్మెట్ ఇస్తే కావాలనే పక్కన పెట్టాడు, కాబట్టి మనకు సంబంధం లేదంటారు కొందరు. చిన్న దెబ్బలకైతే ఆ వాదన కొంత నిలబడుతుంది. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా నిలబడదు.

దీనికి మందు ఉంది, అదీ మన చేతిలోనే ఉంది. ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఇస్తాయి, ఎంతమంది మనుషులు, ఎంత కూలి అన్నదాన్ని బట్టి ప్రీమియం. తీసుకునేటప్పుడు రెండు మాటలు రాయించుకోవాలి: గుత్త మేస్త్రి తెచ్చే మనుషులకూ వర్తించాలి, వైద్య ఖర్చు కలవాలి. ఈ రెండూ మామూలు పాలసీలో వాటంతటవి ఉంటాయని అనుకోకండి. ఆలస్యం చేసినందుకు పడే జరిమానా బీమా కంపెనీ కట్టదు, అది మన జేబులోంచే.

కూలి డబ్బుల విషయంలోనూ గుత్త మనల్ని పూర్తిగా వదలదు. మేస్త్రి శనివారం డబ్బు తీసుకుని మనుషులకు ఇవ్వకుండా పోతే వాళ్లు మన గేటు దగ్గరికే వస్తారు, రావడంలో తప్పూ లేదు. వేతనాల కోడ్ ప్రకారం యజమాని, ఇక్కడ మేస్త్రి, ఇవ్వలేకపోతే ఆ సంస్థ నడిపేవాడి మీద, అంటే మన మీద బాధ్యత పడుతుంది. కూలి రాలేదని 3 ఏళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఇచ్చామని రుజువు చేయాల్సింది యజమానే, రాలేదని కూలీ రుజువు చేయనక్కర్లేదు. అందుకే గుత్త పనిలో కూడా నేను హాజరు పుస్తకం మానను. పేరు, ఊరు, వయసు, ఆ రోజు చేసిన పని, శనివారం సంతకమో వేలిముద్రో. డబ్బు మేస్త్రి చేతికే ఇచ్చినా, పంచేటప్పుడు నేను అక్కడే నిలబడతాను. అప్పుడే తెలిసింది, ఒకే పని చేసిన ఆడమనిషికి మేస్త్రి తక్కువ ఇస్తున్నాడని. చట్టం దాన్ని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. రేటు తేల్చేటప్పుడే ఆ మాట చెబుతాను. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. 18 నిండని వాళ్లను నేను పరంజా ఎక్కనివ్వను.

ఇక సబ్ కాంట్రాక్ట్. ఎలక్ట్రికల్, ప్లంబింగ్, పెయింటింగ్ లాంటివి సామాను, మనుషులు, పనిముట్లు అన్నీ వాళ్లవే అయ్యేలా ఒక పార్టీకి ఇచ్చేయడం. గుత్తకూ దీనికీ పేరులో తేడా కొద్దిగానే, నడకలో చాలా. వాళ్లకు సొంత బిల్లు పుస్తకం, సొంత పాన్, వీలైతే సొంత పాలసీ ఉండాలి. ఈ మూడూ లేనివాణ్ణి సబ్ కాంట్రాక్టరని పిలిచినంత మాత్రాన వాడు గుత్త మేస్త్రి కాకుండా పోడు. వైరింగ్ మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మన దగ్గర చదువుకోని మేస్త్రులు ఎంత బాగా వైరింగ్ చేసినా ఈ విషయంలో రాజీ వద్దు.

పన్ను కోణంలో కూడా ఈ మూడూ ఒకటి కాదు. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. రోజు కూలిలో ఎవరికీ అంత రాదు, చిక్కు లేదు. గుత్తలో శనివారం మేస్త్రి చేతిలో 40,000 నగదు పెడితే చిక్కే. ఊహాత్మక పద్ధతిలో, టర్నోవర్ మీద 8 శాతం లాభం చూపి పన్ను కట్టేవాళ్లకు ఈ బాధ తగలదు. లెక్కలు రాసేవాళ్లు మాత్రం బ్యాంకులోనో యూపీఐలోనో పంపడం మంచిది. మన టర్నోవర్ అంతకుముందు ఏడాది కోటి దాటి ఉంటే, మేస్త్రికి ఒకేసారి 30,000 లేదా ఏడాదిలో మొత్తం లక్ష దాటే చెల్లింపు మీద 1 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి.

ఓనరుతో లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా అనేది వేరే చర్చ, కానీ ఒక్క మాట. విడి ఇంటికి కేవలం లేబర్ ఒప్పుకుంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. మెటీరియల్‌తో కలిపి ఒప్పుకుంటే అది వర్క్స్ కాంట్రాక్ట్, 20 లక్షల టర్నోవర్ దాటితే 18 శాతం. చదరపు అడుగు రేటు చెప్పేటప్పుడు జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది ఒప్పందంలో రాయకపోతే చివర్లో ఆ భారం కాంట్రాక్టరు మీదే పడుతుంది.

సెస్సు గురించి కూడా అడుగుతుంటారు. నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమ నిధికి వెళ్తుంది. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటికి పాత చట్టంలో 10 లక్షల దాకా ఉన్న మినహాయింపు కొత్త కోడ్‌లలో 50 లక్షలైంది. సెస్సు మినహాయింపు ఉంది కదా అని ప్రమాద పరిహారం తప్పదు, అది వేరు. మన మనుషుల్ని సంక్షేమ బోర్డులో నమోదు చేయించడం కూడా మరవద్దు. ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు ఆధారం కావాలి. ఆ హాజరు పుస్తకమే అక్కడా పనికొస్తుంది.

కుర్రాడి ఇంటికి నేను చెప్పింది ఇది. ఇటుక పని, ప్లాస్టరింగ్ గుత్తకివ్వు, కొలతల పద్ధతి మొదటి రోజే రాసుకో. సెంట్రింగ్ కూడా గుత్తకే ఇవ్వు, కానీ విప్పే తేదీ మేస్త్రి కాదు, నువ్వే చెప్పు, విప్పే రోజు అక్కడే ఉండు. వాటర్‌ప్రూఫింగ్ రోజు కూలికి, వైరింగ్ లైసెన్స్ ఉన్నవాడికి. ఒప్పందంలో "నా మనుషుల బాధ్యత నాది" అని మేస్త్రితో రాయించుకో. దాంతో నీ బాధ్యత పోదు, కట్టింది వాడి దగ్గర రాబట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

"పాలసీ ఎప్పుడు తీసుకోనన్నా, స్లాబ్ టైముకా?" అన్నాడు.

పునాది గుంటలు తవ్వకముందే తీసుకోమన్నాను. గుంటలో మట్టి కూలినా మనిషి పోతాడు. పోయిన గురువారం పాలసీ కాయితం ఫొటో తీసి పంపాడు, అందులో 11 మంది పేర్లున్నాయి. పన్నెండో పేరు రాయించావా అని అడిగాను. సైట్‌లో రాత్రి పడుకునే వాచ్‌మన్ పేరు లేదు. సోమవారం కలిపించాడు.