కంఠీరవ స్టేడియం దగ్గర మా అమ్మాయికి దొరికిన కోచ్

మా అమ్మాయి 200 మీటర్ల రన్నర్. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చిన ఏడాదిలోనే రెండుసార్లు తొడ వెనక కండరం పట్టేసింది. ముందు ట్రైనింగ్ తీసుకున్న చోట నొప్పి ఉన్నా పరిగెత్తించేవారు. ఇప్పుడు నేర్పే ఈ పెర్ఫార్మెన్స్ కోచ్ మేడమ్ మొదటి 2 వారాలు స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) వేసుకోనివ్వలేదు. మోకాళ్ల మీద నిలబెట్టి, చీలమండలు గట్టిగా పట్టుకుని, మెల్లగా ముందుకు వాలమనేవారు. నార్డిక్ వ్యాయామం అంటారు దాన్ని. కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. వేగంగా పరిగెత్తేటప్పుడు పట్టేసేది కూడా సాగిన కండరమే కదా! రోజూ ఎన్ని గంటలు నిద్రపోయిందో రాయించుకుంటారు. పరీక్షల టెన్షన్ చూసి ఆ వారం ఆవిడే వ్యాయామం సెట్లు తగ్గించారు, నాకు కళ్లు చెమర్చాయి. ఫీజు ఎక్కువే, ఉదయం 5.30కే రావాలి. 8 నెలలైంది, మళ్లీ నొప్పి రాలేదు.