స్కూల్లో ఫిట్‌నెస్ ప్రోగ్రాం: కోచ్‌కి ఐదులో నాలుగున్నర, టైంటేబుల్‌కి ఒకటి

మా అమ్మాయి ఖమ్మంలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో తొమ్మిదో తరగతి పూర్తి చేసింది. పోయిన జూన్‌లో ఫీజు రసీదులో "ఫిట్‌నెస్ ప్రోగ్రాం" పేరుతో కొత్తగా 2,400 రూపాయలు కలిపారు. బయటి కంపెనీ కోచ్ వచ్చి వారానికి మూడు పీరియడ్లు చేయిస్తాడు, ఏడాదికి మూడుసార్లు టెస్టులు పెట్టి రిపోర్టు ఇస్తారు అన్నారు. ఏడాది అయిపోయింది కాబట్టి రాస్తున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. షుగర్ టెస్టుకి ఒకప్పుడు నలభై దాటినవాళ్లే వచ్చేవారు. ఇప్పుడు యూనిఫాం విప్పకుండానే అమ్మ చెయ్యి పట్టుకుని వస్తున్నారు. దేశమంతా 2016-18లో చేసిన పోషకాహార సర్వేలోనే, పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో పదిమందిలో ఒకరు షుగర్ జబ్బుకి ముందు దశ అయిన ప్రీడయాబెటిస్‌లో ఉన్నట్టు తేలింది. అయినా మన ఇంటిదాకా వస్తుందని ఎవరనుకుంటారు? మా పిల్లకి మెడ వెనక నల్లగా, మందంగా చార పడితే మా అత్తయ్య సరిగ్గా రుద్దుకోవట్లేదని సున్నిపిండి పెట్టి మరీ రుద్దారు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం మీద కనిపించే గుర్తు. నేనే రక్తం తీశాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8. ప్రీడయాబెటిస్ 5.7 దగ్గరే మొదలవుతుంది.

కోచ్ గురించి ముందు చెప్పాలి. మొదటి రోజు 600 మీటర్లు పెడితే సగం క్లాసు మధ్యలోనే ఆగిపోయింది. "పరిగెత్తలేకపోతే నడువు, కూర్చోకు" అన్నాడట. మా పిల్ల దాన్ని ఇప్పుడు ఇంట్లో నా మీదే ప్రయోగిస్తోంది. ఆయన ఎవరినీ ఇంకొకరితో పోల్చలేదు, ఎవరి టైం వాళ్ల నోట్‌బుక్‌లోనే. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు స్టాప్‌వాచ్ పట్టుకుంటామంటే, కారణం అడక్కుండా ఇచ్చేవాడు. జూలైలో 4 నిమిషాల 35 సెకన్లు పట్టిన 600 మీటర్లు మార్చికి 3 నిమిషాల 40కి వచ్చింది. ఇరవై మీటర్ల దూరంలో రెండు కోన్లు పెట్టి, బీప్ మోగేలోపు అవతలికి చేరే టెస్టు ఉంది కదా, అందులో లెవెల్ 2 నుంచి 4కి వెళ్లింది.

హెచ్‌బీఏ1సీ కూడా 5.6 అయింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు, నేను పడలేదు. 0.2 తేడా ఒక్కోసారి మెషీన్‌ది కూడా అయ్యుండొచ్చని నాకు తెలుసు. పైగా సాయంత్రం బిస్కెట్లు మానిపించింది నేను. కాబట్టి ఆ మార్కు కంపెనీకి వెయ్యను. పరుగు టైం మాత్రం వాళ్లదే.

ఇక టైంటేబుల్. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో మా పిల్ల టిక్కులు పెట్టింది. సెలవులు పోను 44 పీరియడ్లు జరగాలి. జరిగినవి 19. మిగతావి లెక్కల సారు, సైన్స్ మేడం, వార్షికోత్సవం డాన్సు పంచుకున్నారు. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలో గ్లూకోజ్ లాక్కుంటుంది. పని ఆపాక కూడా కండరానికి ఇన్సులిన్ మాట బాగానే వినబడుతుంది, కానీ అది ఒకటి రెండు రోజులే. వారానికోసారి పరిగెత్తిస్తే ఏం నిలుస్తుంది? ఈ వయసు పిల్లలకి రోజుకి సగటున గంటసేపు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మా వాళ్లకి వారానికి ఒక పీరియడ్‌కి మించి దొరకడమే గగనమైంది.

రిపోర్టు ఆరు పేజీల రంగుల కాగితం. అందులో ఉన్నవి చాలావరకు కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా యాప్‌లోని టెస్టులే. ఆ యాప్ స్కూళ్లకి ఉచితం, కాబట్టి మనం కట్టేది కోచ్ కోసమే అనుకోండి. నడుము కొలత మాత్రం లేదు. టేపు ఇరవై రూపాయలు. నడుము ఎత్తులో సగం దాటిందా లేదా చూస్తే పొట్ట దగ్గర కొవ్వు సంగతి, ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే బీఎంఐ కన్నా బాగా తెలుస్తుంది. అంతకన్నా ఘోరం, క్లాస్ టీచర్ బీఎంఐ అంకెలు పేరుపేరునా చదివి రిపోర్టులు పంచారు. మా పిల్లకి ఆ రోజే ఒక ముద్దుపేరు వచ్చింది, ఇక్కడ రాయను. రెండు రోజులు లంచ్ బాక్సు మూత తియ్యకుండానే తెచ్చింది.

క్యాంటీన్ దగ్గర 2025లో సీబీఎస్ఈ పెట్టమన్న షుగర్ బోర్డు శ్రద్ధగా పెట్టారు. 250 మిల్లీలీటర్ల కోలాలో చక్కెర 25 గ్రాములకి పైనే అని దాని మీదే ఉంది. బోర్డు కిందే కూల్‌డ్రింక్ ఫ్రిజ్, పక్కన ఎగ్ పఫ్‌లు.

ఈ ఏడాది మళ్లీ కట్టమన్నారు. సగం ఇప్పుడు కడతాను, మిగతా సగం నవంబర్‌లో టిక్కులు లెక్కపెట్టి కడతాను అన్నాను. అకౌంటెంట్ గారు నవ్వి, అలా కుదరదు మేడం అన్నారు. కోచ్ మాత్రం అతనే వస్తాడా అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు.